ఓవెన్‌లో అంజీర: మగ్గేది, ఎండేది, కాలేది

మొదటిసారి పచ్చి అంజీర పండ్లు ఓవెన్‌లో పెట్టే ముందు నేను మూడు వంటకాలు చదివాను. ఒకటి 220 డిగ్రీల సెల్సియస్‌లో 10 నిమిషాలు అంది. రెండోది 180లో 25 నిమిషాలు. మూడోది 110లో రెండున్నర గంటలు. మూడింటి పేరూ ఒకటే, రోస్టెడ్ ఫిగ్స్. ఉప్మా ఎవరు చేసినా ఒక పావుగంట అటూ ఇటూగా అయిపోతుంది. ఒకే వంటకానికి ఒకరు పది నిమిషాలనీ, ఇంకొకరు రెండున్నర గంటలనీ చెబితే ఎవరో ఒకరు కోతలు కోస్తున్నారనే అనిపిస్తుంది.

ఎందుకొచ్చిన గొడవలే అని మధ్యలో ఉన్న 180ని పట్టుకున్నాను. పండ్లను సగానికి కోసి, ట్రే నిండా ఒకదాన్నొకటి ఆనించి పేర్చి, పైన తేనె ధారగా పోసి లోపలికి తోశాను. అరగంట తర్వాత బయటికి తీస్తే ట్రే అడుగున తారు, పైన నీళ్ళోడుతున్న మెత్తటి ముద్దలు. అంటే ఒకే ట్రేలో సగం మాడిపోయింది, సగం కాలనే లేదు. ఆ ట్రే తోమడానికి పట్టిన టైమ్‌లో ఆలోచిస్తే తట్టిందేమిటంటే, ఆ మూడు వంటకాల్లో ఏదీ తప్పు కాదు. అవి మూడు వేరువేరు పనులు. పేరొక్కటే కలిసింది.

తెలుగులో ఆలోచిస్తే ఈ చిక్కు తొందరగా విడిపోతుంది. వంకాయ కూర మూతపెట్టి సన్నసెగ మీద ఉంచితే దాని నీళ్ళతో అదే మగ్గుతుంది. వడియం ఎండుతుంది. మొక్కజొన్న పొత్తు కాలుతుంది. ఈ మూడింటినీ మనం ఎప్పుడూ కలిపి మాట్లాడం. 'రోస్ట్' అనే మాట మాత్రం మూడింటినీ ఒకే సంచిలో వేసేస్తుంది. ఓవెన్‌లోకి వెళ్ళిన అంజీర మగ్గుతుంది, ఎండుతుంది, కాలుతుంది. ఏది ఎంత జరగాలన్నదే వంటకం. మీకు కావలసింది వీటిలో ఏదో ముందు తేల్చుకుంటే డిగ్రీలూ నిమిషాలూ వాటంతటవే తేలతాయి.

అన్నిటికీ మూలం నీరు

పచ్చి అంజీర బరువులో దాదాపు 79 శాతం నీరే. చక్కెరలు 16 శాతం దాకా ఉంటాయి. మిగిలిన కాస్తలోనే పీచు, మాంసకృత్తులు, ఖనిజాలు అన్నీ. చేతిలో పట్టుకుంటే గుజ్జుగా, జామ్‌లా ఉంటుంది కాబట్టి ఇందులో ఇంత నీరుందని అనిపించదు. అలా గుజ్జుగా ఉండటానికి కారణం ఉంది. మనం పండు అంటున్నది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. కోస్తే కనిపించే ఆ ఎర్రటి కేసరాల్లాంటివి వందలకొద్దీ చిన్నచిన్న పూలు. రసమంతా వాటిలోనూ, వాటి కండగల కాడల్లోనూ పట్టి ఉంటుంది. పైతొక్క వాటన్నిటినీ మూటకట్టిన సంచి.

నీరున్న చోట వేడికి ఒక హద్దు ఉంటుంది. తడి ఆరనంతవరకు ఆ చోటు 100 డిగ్రీలు దాటదు. డయల్ మీద 220 ఉన్నా సరే, వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. మనకు నోరూరించే ఆ గోధుమరంగు, కమ్మటి వాసన రావాలంటే పండు పైభాగం 140 దరిదాపులకు వెళ్ళాలి. అప్పుడే చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి రంగు మారడం జోరందుకుంటుంది. రొట్టె మీద గోధుమ మచ్చలు వచ్చేదీ ఇలాగే. కాబట్టి కోసిన ముఖం ముందు ఆరాలి, తర్వాతే కాలాలి. ఆరకముందే ఎంత మంట పెట్టినా అది ఉడకడమే.

ఇంకో మెలిక ఉంది. అంజీరలో ఉన్న చక్కెర మన డబ్బాలో ఉన్న పంచదార కాదు. దాదాపు అంతా గ్లూకోజ్, ఫ్రక్టోజ్. మామూలు పంచదార కరిగి రంగు మారాలంటే 160 దాటాలి. ఫ్రక్టోజ్ 110 దగ్గరే మారడం మొదలుపెడుతుంది. అందుకే అంజీర రసం ట్రే మీదికి జారి పలచగా పరుచుకుందంటే, అందులో నీరు ఆరిన మరు నిమిషం నుంచే నల్లబడుతుంది. పండు ఇంకా తడిగా ఉంటుంది, రసం మాడిపోయి ఉంటుంది. నా ట్రేలో జరిగింది సరిగ్గా ఇదే. తేనెలోనూ ఎక్కువ ఫ్రక్టోజే కాబట్టి, ధారగా పోసిన తేనె ఆ మంటకు ఇంకాస్త ఆజ్యం పోసింది.

మూడు పనులు, మూడు పండ్లు

మగ్గడం అన్నిటికన్నా తేలిక. పండులోని కణాల పొరలు 60, 70 డిగ్రీల దగ్గరే చెడిపోయి రసం వదిలేస్తాయి. 85 దాటాక కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ కూడా కరగడం మొదలవుతుంది. ఓవెన్ 170, 180 దగ్గర ఉంచి, పండ్లను లోతుగా ఉన్న గిన్నెలో దగ్గరదగ్గరగా పేరిస్తే 15, 20 నిమిషాల్లో మెత్తబడి, తమ రసంలో తామే మునుగుతాయి. రంగు పెద్దగా రాదు. తొక్కలోని ఊదారంగు రసంలోకి దిగి అందంగా ఉంటుంది. ఐస్‌క్రీం మీదికి, పెరుగులోకి, ఓట్స్‌లోకి కావలసింది ఈ రకం. దీన్ని రోస్ట్ అనడం మర్యాదకే. నిజానికి అది మగ్గిన పండు. అలాగని చిన్నచూపు చూడక్కర్లేదు, మా ఇంట్లో ఎక్కువసార్లు అయ్యేది ఇదే.

ఎండడానికి ఓపిక కావాలి. 105 నుంచి 120 డిగ్రీల మధ్య, కోసిన ముఖం పైకి పెట్టి, రెండు నుంచి మూడు గంటలు. ఇక్కడ మనం చేస్తున్నది నీటిని నిదానంగా పంపించేయడం. పండు సగానికి సగం కుంచించుకుపోతుంది. అంచులు ముడుచుకుని జీళ్ళలా సాగుతాయి, నడుమ మాత్రం జామ్‌లా ఉంటుంది. తీపి చిక్కబడుతుంది. ఎండు అంజీరకీ దీనికీ పోలికే లేదు. ఎండు అంజీర తోలులా ఉంటుంది, ఇది పచ్చి పండు వాసన పోకుండానే ఎండుతుంది. నా దృష్టిలో అంజీరకు ఓవెన్ చేయగల అసలు మేలు ఇదే. కాకపోతే రెండున్నర గంటల కరెంటు ఖర్చు పెట్టి ఆరు పండ్లు చేస్తే ఇంట్లో ఎవరో ఒకరు అడక్కుండా ఊరుకోరు. చేస్తే ట్రే నిండుగా, అదీ పండుకూ పండుకూ మధ్య ఒక వేలు ఎడం ఉంచి చేయాలి.

కాలడానికి మాత్రం జోరైన వేడి, తక్కువ సమయం కావాలి. ఓవెన్ 220 దగ్గర బాగా కాగి ఉండాలి, లేదా పై రాడ్ ఎర్రగా మండుతుండాలి. 8 నుంచి 12 నిమిషాలు. ముఖం మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, లోపల ఇంకా పచ్చి పండు తాజాదనం మిగిలి ఉంటుంది. తీపితో పాటు చిరుచేదు తగలడమే ఇందులోని రుచి. ఇది గట్టిగా ఉన్న పండుకే కుదురుతుంది. బాగా మెత్తబడిన పండు కాలేలోపే కూలబడిపోతుంది.

ఈ పనులను వరస మార్చి చేసేవాళ్ళూ ఉన్నారు. ఇటలీ దక్షిణాన పూల్యా ప్రాంతంలో అంజీరను ముందు ఎండలో ఎండబెడతారు. తర్వాత విప్పి, మధ్యలో వేయించిన బాదం పప్పు, నిమ్మ తొక్క, సోపు గింజలు పెట్టి, మూసి ఓవెన్‌లో కాలుస్తారు. ఫీకీ మండోర్లాతీ అంటారు. నీటిని తీసేసే పని సూర్యుడికి వదిలేశారు కాబట్టి ఓవెన్‌కు మిగిలింది రంగు తెప్పించడమే. అది కాసేపట్లోనే అయిపోతుంది. వేసవి ఎండలు అంత కాసే చోట పొయ్యిని రెండున్నర గంటలు మండించాలని ఎవరికి మాత్రం అనిపిస్తుంది?

పండును కాల్చి తినడమేమిటి, పిచ్చి కాకపోతే అని మా ఇంట్లో ఒక పెద్దావిడ అన్నారు. కాల్చిన తాటిపండు సంగతేమిటి మరి అన్నాను. నిప్పుల మీద తాటిపండు కాలుతుంటే వీధి చివరిదాకా వచ్చే ఆ వాసన గుర్తొచ్చిందేమో, ఆవిడ ఇంకేం మాట్లాడలేదు.

మనకు దొరికే పండు వేరు

విదేశీ వంటకాలు మన చేతిలో తిరగబడటానికి రెండో కారణం పండే. మన బజారులో పచ్చిగా దొరికేది ఎక్కువగా పూనా రకం. పుణె జిల్లా పురందర్ తాలూకా దీనికి పేరుమోసింది. సాస్వడ్ చుట్టుపక్కల పండే పురందర్ అంజీరకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన వైపు అనంతపురం జిల్లాలో, దాన్ని ఆనుకుని ఉన్న బళ్ళారిలో కూడా తోటలున్నాయి. పూనా రకం తొక్క పలచన, గుజ్జు మెత్తన, రసం ఎక్కువ. అమెరికా వంటకాలు రాసినవాళ్ళ ముందున్నది చాలాసార్లు బ్లాక్ మిషన్ అనే నల్ల అంజీర. స్పెయిన్ నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీలు 1769లో శాన్ డియేగోలో నాటించిన రకం కాబట్టి ఆ పేరు. దాన్ని సగానికి కోసి పెట్టినా గిన్నెలా నిలబడి తన రసాన్ని తనే పట్టుకుంటుంది. మన పూనా పండును అలా కోస్తే పది నిమిషాల్లో చతికిలబడి రసమంతా ట్రే మీదికి వదిలేస్తుంది.

అందుకే పూనా రకానికి నేను సగం కోత మానేశాను. తొడిమ చివర కొంచెం తీసేసి, పైనుంచి ప్లస్ గుర్తులాగా ముప్పావు లోతు వరకే కోసి, అడుగున రెండు వేళ్ళతో నొక్కితే పువ్వులా విచ్చుకుంటుంది. గుత్తి వంకాయకు కాటు పెట్టడం వచ్చినవాళ్ళకి ఇది కొత్త కాదు. అడుగు తొక్క అలాగే ఉంటుంది కాబట్టి రసం లోపలే నిలుస్తుంది, పైన విచ్చుకున్న అంచులు మాత్రం ఆరి రంగు తిరుగుతాయి. అసలు కోయకుండా పండుకు పండు పెట్టేస్తే మాత్రం లోపలి ఆవిరికి దారి లేక ఎక్కడో పక్కన చిట్లుతుంది.

పురందర్ రైతులకు ఏడాదిలో రెండు పంటలు. వానాకాలంలో ఎదిగి చలికాలానికి చేతికొచ్చేది ఖట్టా బహార్. ఎండాకాలంలో వచ్చేది మీఠా బహార్. పేర్లలోనే పులుపూ తీపీ ఉన్నాయి. తీపి తక్కువగా ఉన్న చలికాలపు పండును నెమ్మదిగా ఎండిస్తే బాగుపడుతుంది, ఎందుకంటే దానికి కావలసింది చిక్కబడటమే. వేసవి పండుకు అంత అవసరం లేదు, జోరుగా కాల్చి వదిలేయొచ్చు. అసలు మీఠా బహార్ పండు బాగా పండింది దొరికితే నేనైతే ఓవెన్ జోలికే పోను, అలాగే తినేస్తాను.

పండును ఎంచడంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మామిడి కాయను గడ్డిలో వేసి మగ్గబెట్టినట్టు అంజీరను ఇంట్లో మగ్గబెట్టలేం. కోశాక మెత్తబడుతుందే తప్ప చెప్పుకోదగ్గ తీపి ఎక్కదు. మెడ వంగి, తొక్క మీద సన్నటి చారలు విచ్చి, అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర తేనెబొట్టులాంటిది కనిపిస్తే అది పండినట్టు. తొడిమ విరిస్తే పాలు కారుతుంటే ఇంకా పండలేదు. అడుగు నుంచి పులిసిన కల్లు వాసన వస్తుంటే పనైపోయింది, ఏ ఓవెనూ దాన్ని కాపాడలేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు చాలామంది పెరట్లో బ్రౌన్ టర్కీ చెట్టో, టెక్సాస్ వైపు సెలెస్ట్ చెట్టో పెంచుకుంటున్నారు. కాయలన్నీ ఒక్కసారే పండి మీద పడినప్పుడు వాళ్ళకు ఈ నిదానపు పద్ధతి వరంలాంటిది. ఆ కాయలు కోసేటప్పుడు మాత్రం పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మంచిది. ఆకుల్లోనూ పాలలోనూ సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి అంటుకుని, ఆ మీద ఎండ తగిలితే బొబ్బలు లేచి నల్లటి మచ్చలు పడతాయి.

పొయ్యిల సంగతి

అమెరికా వంటకంలో 400 అని కనిపిస్తే కంగారు పడొద్దు, అది ఫారన్‌హీట్. మన లెక్కలో 204. అలాగే 350 అంటే 177, 225 అంటే 107. మన ఓటీజీల, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్ల డయల్ సాధారణంగా 250 దగ్గర ఆగుతుంది. ఆ డయల్‌ను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. చిన్న ఓటీజీలో రాడ్లు పండుకు నాలుగైదు వేళ్ళ దూరంలోనే ఉంటాయి. లోపలి గాలి 180 ఉన్నా, ఎర్రగా మండే రాడ్ నుంచి నేరుగా తగిలే సెగ అంతకన్నా చాలా ఎక్కువ. పెద్ద ఓవెన్ కోసం రాసిన 20 నిమిషాలు చిన్న ఓటీజీలో 14 కావచ్చు. లోపల పెట్టుకునే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఓటీజీతో ఇంకో చిక్కు ఆవిరి. డజను మంచి సైజు పండ్లు 600 గ్రాములు తూగాయనుకోండి. వాటి బరువు మూడో వంతు తగ్గించాలంటే 200 గ్రాముల నీరు, అంటే ఒక గ్లాసుడు, ఆ చిన్న పెట్టెలో ఆవిరి కావాలి. తలుపు బిగుతుగా ఉంటే ఆ ఆవిరి లోపలే తిరుగుతుంది, పండు మగ్గుతుందే గానీ ఎండదు. అరగంటకోసారి తలుపు తీసి ఆవిరిని బయటికి వదిలితే తేడా కళ్ళకే కనిపిస్తుంది. ఫ్యాన్ ఉన్న ఓవెన్‌లో ఈ బాధ తక్కువ, ఎండడం తొందరగా అవుతుంది కాబట్టి 20 డిగ్రీలు తగ్గించి పెట్టుకోవాలి.

ఎయిర్ ఫ్రయ్యర్ అంటే గట్టి ఫ్యాన్ ఉన్న బుల్లి ఓవెన్. అంచులు చకచకా ఆరతాయి కాబట్టి కాల్చే పనికి చాలా బాగుంటుంది. 190లో 7, 8 నిమిషాలు చాలు. బుట్టలో నేరుగా పెడితే రసమంతా కంతల్లోంచి కిందికి కారి అక్కడ మాడుతుంది. చిన్న స్టీలు పళ్ళెమో, కేకు గిన్నెనో లోపల పెట్టి అందులో పండ్లు ఉంచితే సరి. మామూలు మైక్రోవేవ్ మాత్రం దీనికి పనికిరాదు. అది వేడి చేసేదే ప్రధానంగా నీటిని. పైభాగం ఆరకముందే లోపల ఉడికిపోయి గుజ్జవుతుంది. కన్వెక్షన్ మీట ఉంటే అది వాడుకోవచ్చు.

ఏమీ లేనివాళ్ళకు పెనం ఉంది. నిజం చెప్పాలంటే, కాలడం ఒక్కటే కావాలనుకుంటే ఓవెన్ కన్నా మందపాటి ఇనుప పెనమే మేలు. పెనం బాగా కాగాక అర చెంచా నెయ్యి రాసి, సగానికి కోసిన పండ్లను ముఖం కిందికి బోర్లించి, మధ్యస్థ మంట మీద రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. ఇనుము నేరుగా తాకుతుంది కాబట్టి నీరు ఆ ఒక్క పొర నుంచి చటుక్కున ఎగిరిపోయి రంగు పట్టుకుంటుంది. లోపలి గుజ్జు వెచ్చబడేలోపే పని అయిపోతుంది, అందుకే ఈ కాసేపటికి మన పూనా పండు సగం కోతను కూడా తట్టుకుంటుంది. చుట్టూ చిన్న బుడగలు వచ్చి, వాటి రంగు తేనెలా మారగానే అట్లకాడతో ఒక్క ఊపున తీయాలి. పలచటి నాన్‌స్టిక్ పెనంలో ఆ వేడి నిలవదు, పండు పెట్టగానే పెనం చల్లబడి రసం ఊరిపోతుంది.

పైన ఏం వేయాలి, ఎప్పుడు వేయాలి

పంచదార ముందే చల్లితే అది పండులోని నీటిని బయటికి లాగుతుంది. మగ్గించేటప్పుడు మనకు కావలసిందీ అదే కాబట్టి చల్లొచ్చు. ఎండించేటప్పుడు, కాల్చేటప్పుడు వద్దు. తేనె ఏ పద్ధతిలోనైనా ఆఖరి మూడు నాలుగు నిమిషాల్లోనే. బెల్లం తురుము కూడా అంతే, కాకపోతే మగ్గిన పండ్ల రసంలో కరిగితే దానికి వచ్చే రుచి తేనెకు రాదు. వెన్న పూస్తే అందులోని పాల పదార్థం ముందు మాడుతుంది. నెయ్యిలో అది ముందే తీసేసి ఉంటుంది కాబట్టి జోరు మంటకు నెయ్యే నయం.

అంజీరకు ఉన్న ఒకే ఒక్క లోపం పులుపు లేకపోవడం. పులుపు చాలా తక్కువ పండు ఇది. పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో 5 దగ్గర ఉంటుంది, ఆ అంకె ఎంత తగ్గితే అంత పులుపు. కాల్చాక తీపి ఇంకా చిక్కబడి మొహం మొత్తేలా అవుతుంది. అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు పడితే ఆ తీపి నాలుక మీద నిలబడి కదులుతుంది. నిమ్మరసం ఓవెన్ నుంచి తీశాకే పిండాలి, ముందే పిండితే వాసనంతా ఆవిరితో పోతుంది. ఊదారంగు రసం మీద నిమ్మరసం పడగానే ఎర్రగా తిరగడం పిల్లలకు చూపించొచ్చు. ఆ రంగు పదార్థాలు పులుపులో ఎరుపుకు మారతాయి. మిరియాల పొడి తప్పకుండా వేయమంటాను. దాల్చిన చెక్క అందరూ వేస్తారు, నాకు అది అంజీర వాసనను మింగేస్తుందనిపిస్తుంది.

విదేశీ వంటకాల్లో మేక పాల చీజ్ పెట్టమంటారు. మనకు దాని బదులు పనీర్ అని రాసేవాళ్ళున్నారు గానీ నాకది అతకలేదు, చప్పటి పనీర్‌కు ఆ తీపిని ఎదుర్కొనే సత్తువ లేదు. గుడ్డలో కట్టి నాలుగైదు గంటలు వేలాడదీసిన గడ్డ పెరుగు, కొంచెం పులిసినదైతే మరీ మంచిది. దాని పుల్లదనం, చల్లదనం మీద వేడి పండు, ఆ రసం, మిరియాలు. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

పాలతో పేచీ, పురుగుతో భయం

తొడిమ దగ్గర కారే తెల్లటి పాలలో ఫిసిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. సరిగా పండని పచ్చి అంజీరతో మిల్క్‌షేక్ చేసి కాసేపు ఉంచితే విరిగినట్టయి చేదెక్కడానికి కారణం అదే. తుర్కియేలో ఈ గుణాన్నే వంటగా మార్చుకున్నారు. గోరువెచ్చటి పాలలో ఎండు అంజీరను మెదిపి కదపకుండా ఉంచితే తోడు పెట్టినట్టు గడ్డకడుతుంది. 'నిద్రపుచ్చిన అంజీర' అనే అర్థం వచ్చే ఇంజిర్ ఉయుత్మసి దాని పేరు. ఎండలో ఎండినా ఆ ఎంజైమ్ చావదన్నమాట. ఓవెన్ వేడికి మాత్రం చస్తుంది. అందుకే పాలలో, ఐస్‌క్రీంలో కలిపే అంజీరను ముందు మగ్గించి చల్లార్చి కలిపితే ఏ పేచీ ఉండదు. పచ్చి అంజీర తింటే కొందరికి నాలుక చురచురలాడటం వెనక కూడా ఈ పాలే ఉంటాయి.

ఇక పురుగు సంగతి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయన్న మాట వింటూ పెరిగిన వాళ్ళం, అంజీర కూడా మేడికి దగ్గరి చుట్టమే కాబట్టి ఆ అనుమానం రావడం సహజం. అత్తి, మేడి, అంజీర అని పేర్లు కలిపేసే అలవాటు వల్ల గందరగోళం ఇంకా పెరిగింది. మన వాగుల పక్కన బోదెకే గుత్తులుగా కాసే మేడి ఒక చెట్టు, బజారు అంజీర ఇంకో చెట్టు. అంజీరలోనే తుర్కియేలో ఎండబెట్టడానికి వాడే స్మిర్నా తరహా రకాలకు ఒక చిన్న కందిరీగ లోపలికి దూరి పుప్పొడి చేరవేస్తేనే పండు నిలుస్తుంది. పూనా రకానికి, బ్లాక్ మిషన్‌కు, బ్రౌన్ టర్కీకి ఆ అవసరం లేదు, పరాగసంపర్కం లేకుండానే కాస్తాయి. నమిలితే కరకరలాడేవి పురుగులు కావు, పూల నుంచి తయారైన చిన్న గింజలు. ఒకవేళ చీమో పురుగో బయటి నుంచి దూరినా, నాలుగుగా విప్పి కాలుస్తున్నాం కాబట్టి కంటికి కనబడకుండా పోదు.

ఈ కందిరీగ అక్కర్లేని రకాలు ఇవాళ్టివి కావు. జోర్డాన్ లోయలో గిల్గాల్ అనే చోట 11,400 ఏళ్ళ నాటి అంజీర పండ్లు తొమ్మిది దొరికాయి. అవి పరాగసంపర్కం లేకుండా కాసినవేనని 2006లో పరిశోధకులు ప్రకటించారు. దాని మీద వాదోపవాదాలు నడిచాయనుకోండి. నాకు నచ్చింది వేరే విషయం. అవి ఇన్ని వేల ఏళ్ళు నిలవడానికి కారణం బొగ్గులా మాడిపోయి ఉండటమే. నా మొదటి ట్రేకు కూడా అంత ఆయుష్షు ఉండేదేమో, తోమేశాను.

షుగర్ ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది, కాలిస్తే చక్కెర పెరుగుతుందా అని. పండులో ఉన్నదే ఉంటుంది, పెరగదు. తగ్గేది నీరు. 100 గ్రాముల పచ్చి పండులో 16 గ్రాముల చక్కెర ఉంటే, బరువు సగానికి తగ్గేలా ఎండించాక 100 గ్రాముల్లో 32 ఉంటుంది. బజారులో కొనే ఎండు అంజీరలో 48 దాకా ఉంటుంది. కాబట్టి గ్రాముల్లో కాకుండా పండ్లలో లెక్కపెట్టుకోవాలి. పచ్చివి రెండు తినేవాళ్ళు కాల్చినవీ రెండే తినాలి. చిన్నగా ముడుచుకుపోయాయి కదా అని ఆరు తినేయడమే అసలు ప్రమాదం.

నిల్వ విషయంలో మన ఆవకాయ ధైర్యం ఇక్కడ పనికిరాదు. మామిడికాయకు పులుపు ఉంది, దానికి తోడు ఉప్పు, నూనె ఉన్నాయి. అంజీరకు ఇవేవీ లేవు. పీహెచ్ 4.6 కన్నా ఎక్కువ ఉన్న పదార్థాన్ని గాలి చొరబడని సీసాలో పెట్టి బయట ఉంచితే బొటులిజం అనే ప్రాణాంతకమైన విషబాధ కలిగించే బ్యాక్టీరియాకు చోటిచ్చినట్టే. అంజీరను సీసాల్లో నిల్వచేసే పద్ధతుల్లో నిమ్మరసం తప్పనిసరిగా కలపమనేది ఇందుకే. ఇంట్లో చేసినవి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి నాలుగు రోజుల్లో తినేయాలి. ఎక్కువ చేసుకుంటే ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, మెత్తబడతాయి గానీ రుచి పోదు.

ట్రేలో మిగిలే రసం గురించి ఒక్కమాట. పాకం పట్టడం తెలిసినవాళ్ళకు దీన్ని ఎక్కడ ఆపాలో చెప్పక్కర్లేదు. ఓవెన్‌లోంచి తీసేటప్పుడు లేతపాకంలా, చెంచా నుంచి జారేలా ఉండాలి. తీగ సాగేదాకా ఉంచితే చల్లారాక రాయి అవుతుంది. ఒకవేళ అయిపోయినా పారేయకండి. నల్లగా మాడకుండా ముదురు తేనె రంగులో ఉంటే, ట్రేలో అర గ్లాసు వేడినీళ్ళు పోసి రెండు నిమిషాలు వదిలితే కరిగి వచ్చేస్తుంది. అందులో నిమ్మచెక్క పిండి, చిటికెడు సొంఠి పొడి వేసుకుని తాగేయొచ్చు. ట్రే తోమే పని కూడా తప్పుతుంది.